మందు ఎక్కడ కూర్చుంటుంది?

2009 మే నెలలో స్వైన్ ఫ్లూ మన దేశంలో తొలిసారి బయటపడింది హైదరాబాద్‌లోనే. ఆ ఏడాదంతా పేపర్లలో, టీవీల్లో, మందుల షాపుల్లో నలిగిన పేరు టామీఫ్లూ. అందులోని అసలు మందు ఒసెల్టామివిర్. దాన్ని మన దేశంలోనే తయారుచేసి ప్రభుత్వానికి అందించిన కంపెనీల్లో హైదరాబాద్‌కు చెందిన హెటెరో ఒకటి. మింగిన గుళిక కడుపులో కరుగుతుంది. లోపలి మందు కాలేయంలో కాస్త మారి, రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. కానీ అది పనిచేసేది ఒక్క చోటే. ఫ్లూ వైరస్ పైపొర మీద న్యూరామినిడేజ్ అనే ఎంజైమ్ పొడుచుకుని ఉంటుంది. ఆ ఎంజైమ్ తల మీద ఒకటి రెండు నానోమీటర్లకు మించని గుంట ఉంది. మందు అందులో కుదురుకుంటే ఎంజైమ్ పని ఆగిపోతుంది. అప్పుడు కొత్తగా పుట్టిన వైరస్‌లు తాము పుట్టిన కణాన్ని వదిలి బయటపడలేవు.

మందుల పరిశోధనలో సగం కథ ఇలాంటి గుంట కోసం వెతుకులాటే. శాస్త్రవేత్తలు దాన్ని బంధన స్థానం అంటారు. న్యూరామినిడేజ్ ఏం పని చేస్తుందో ముందే తెలుసు కాబట్టి దాని బంధన స్థానాన్ని గుర్తుపట్టడం కొంత తేలికైంది. అన్ని ప్రొటీన్లకూ ఆ వీలు లేదు. ప్రొటీన్ల త్రిమితీయ నిర్మాణాలను భద్రపరిచే ప్రొటీన్ డేటా బ్యాంక్ 1971లో ఏడంటే ఏడు నిర్మాణాలతో మొదలైంది. 2023 జనవరికి అవి 2 లక్షలు దాటాయి. ఆల్ఫాఫోల్డ్ కృత్రిమ మేధ లెక్కగట్టి ఇచ్చిన నిర్మాణాలు 2022 నాటికే 20 కోట్లు దాటాయి. వీటిలో చాలావాటి గురించి, ఏ అణువు వచ్చి ఎక్కడ అతుక్కుంటుందో ఎవరూ ప్రయోగం చేసి చూడలేదు. ఒక్కోదాన్ని తెర మీద తిప్పి చూస్తూ కూర్చోవడం మనుషుల వల్ల అయ్యే పని కాదు. అందుకే ఆ వెతుకులాటను కంప్యూటర్‌కు నేర్పాల్సి వచ్చింది. ఆ నేర్పడంలో గుంట అంటే ఏమిటన్న మన అవగాహనే నాలుగైదు సార్లు మారింది. నన్ను ఈ విషయం వైపు లాగింది అదే.

ఎంజైమూ, అది పట్టుకునే అణువూ తాళం, తాళంచెవిలా సరిపోవాలని జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఎమిల్ ఫిషర్ 1894లో అన్నాడు. అప్పటికి ఒక్క ప్రొటీన్ నిర్మాణం కూడా ఎవరి కంటా పడలేదు. మొదటి తరం కంప్యూటర్ పద్ధతులన్నీ ఆ మాటను పట్టుకుని బయల్దేరినవే. తాళం కప్పకు రంధ్రం ఉంటుంది కదా, ఆ రంధ్రాన్ని వెతుకుదాం అన్నది వాటి దారి.

రంధ్రాన్ని వెతకాలంటే ముందు ఉపరితలం ఎక్కడుందో తేల్చాలి. ప్రొటీన్ అంటే వేలాది పరమాణువుల పోగు. దానికి మనం చేత్తో తడిమే చర్మం లాంటిదేమీ లేదు. 1971లో యేల్ విశ్వవిద్యాలయంలో లీ, రిచర్డ్స్ ఒక ఉపాయం చెప్పారు. నీటి అణువును 1.4 ఆంగ్‌స్ట్రామ్‌ల వ్యాసార్థం ఉన్న బంతి అనుకుందాం. సెంటీమీటరులో పది కోట్లవ వంతు ఒక ఆంగ్‌స్ట్రామ్. ఆ బంతిని ప్రొటీన్ మీద అన్ని వైపులా దొర్లిస్తే దాని నడిమి బిందువు ఎక్కడెక్కడ తిరగగలదో అదే ఉపరితలం. నీరు చేరని చోటు లోపల, చేరే చోటు బయట. కంప్యూటర్‌కు లోపల, బయట అన్న తేడా అలా తెలిసింది.

ఆ తర్వాత వచ్చిన పద్ధతుల్లో 1997 నాటి లిగ్‌సైట్ చాలా సూటిగా ఉంటుంది. ప్రొటీన్ మొత్తాన్ని ఒక పెట్టెలో పెట్టినట్టు ఊహించి, ఆ పెట్టెను ఆంగ్‌స్ట్రామ్ అటూ ఇటూ దూరంలో ఉన్న బిందువులతో నింపుతారు. పరమాణువు లోపల పడిన బిందువుకు ‘ప్రొటీన్’ అని, మిగతావాటికి ‘ఖాళీ’ అని గుర్తు పెడతారు. ఇప్పుడు ఒక ఖాళీ బిందువు దగ్గర నిలబడి చూడాలి. ఎడమకు పోతే ప్రొటీన్ తగిలి, కుడికి పోయినా ప్రొటీనే తగిలితే ఆ బిందువుకు ఒక మార్కు. కింద, పైన ప్రొటీనే అయితే ఇంకో మార్కు. ముందు, వెనకల మధ్య అలాగే చిక్కుకుంటే మరొకటి. ఆపైన పెట్టె మూల నుంచి మూలకు పోయే నాలుగు ఐమూల దారులు. మొత్తం ఏడు దారులు, ఏడు మార్కులు. ప్రొటీన్‌కు దూరంగా నీళ్లలో ఉన్న బిందువుకు సున్నా వస్తుంది. పైకి ఉబికిన చోటు పక్కనున్న బిందువుకు ఒకటో రెండో వస్తాయి. ఐదు, ఆరు, ఏడు తెచ్చుకున్న బిందువులు ఒకచోట గుంపుగా కనిపించాయంటే అక్కడ గుంట ఉన్నట్టు. ఈ లెక్కలో రసాయన శాస్త్రం ఒక్క ముక్క లేదు. అంతా కూడికలే. అయినా పనిచేస్తుంది.

2009లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఎఫ్‌పాకెట్‌ది ఇంకో దారి. సరిగ్గా నాలుగు పరమాణువులను తాకుతూ, లోపల మరే పరమాణువూ లేని గోళాలను అది గీస్తుంది. ప్రొటీన్ లోపల, పరమాణువులు కిక్కిరిసిన చోట ఈ గోళాలు బుల్లిగా ఉంటాయి. బయట చదును ప్రాంతంలో విపరీతంగా పెద్దవవుతాయి. మూడు నుంచి ఆరు ఆంగ్‌స్ట్రామ్‌ల మధ్య వ్యాసార్థం ఉన్న గోళాలు ఒకచోట గుమిగూడితే అది గుంట. ఒక మాదిరి ల్యాప్‌టాప్ మీద కొన్ని సెకన్లలో జవాబు వస్తుంది. పైగా ఎవరైనా వాడుకోవచ్చు, ఉచితం.

ఆకారం ఒక్కటి చూస్తే సరిపోతుందా? 1996లో లాస్కోవ్‌స్కీ, జానెట్ థార్న్‌టన్ బృందం ఒంటి గొలుసు ఎంజైమ్‌లను కొన్ని డజన్లు తీసుకుని పరిశీలించింది. నూటికి 83కు పైగా సందర్భాల్లో, ఎంజైమ్ పట్టుకునే అణువు అన్నిటికంటే పెద్ద గుంటలోనే ఉంది. ఆలోచిస్తే ఇది సబబే. రసాయన చర్య జరగాలంటే అణువును చుట్టుపక్కల నీటి నుంచి వేరు చేయాలి, అన్ని వైపుల నుంచీ పట్టుకోవాలి. అందుకు లోతు కావాలి. కానీ మిగిలిన సందర్భాలను పక్కన పెట్టేయలేం. ఎంజైమ్‌లు కాని ప్రొటీన్ల దగ్గర, అంటే ఒకదానితో ఒకటి చదునుగా అతుక్కుని సందేశాలు పంపుకునే వాటి దగ్గర, పెద్ద గుంట సూత్రం తేలిపోతుంది.

ఇక్కడ ఆకారం వెనక్కి తగ్గి శక్తి లెక్క ముందుకొచ్చింది. ఆక్స్‌ఫర్డ్‌లో పీటర్ గుడ్‌ఫోర్డ్ 1985లో గ్రిడ్ అనే ప్రోగ్రామ్‌ను ప్రచురించాడు. బిందువుల వల ఇందులోనూ ఉంది, ప్రశ్న మాత్రం వేరు. ప్రతి బిందువు దగ్గరా ఒక చిన్న రసాయన గుంపును పెట్టి చూస్తుంది. ఒకసారి నీటి అణువు, ఒకసారి మిథైల్ గుంపు, ఇంకోసారి ధనావేశం ఉన్న అమైన్. ఆ గుంపుకు అక్కడ ఉండటం ఇష్టమా కాదా అని ఆకర్షణ, వికర్షణ, హైడ్రోజన్ బంధాలు అన్నీ కూడి లెక్క కడుతుంది. బాగా ఇష్టపడే చోట్లు మ్యాపు మీద బొట్లుగా తేలతాయి.

ఫ్లూ మందుల కథలో మలుపు ఇదే. న్యూరామినిడేజ్ నిర్మాణాన్ని పీటర్ కోల్మన్, జోస్ వర్గీస్ బృందం ఆస్ట్రేలియాలో తేల్చింది, 1983లో అది ప్రచురితమైంది. ఆ గుంటలో కూర్చోగల ఒక అణువు అప్పటికే ఉంది. అది ఈ ఎంజైమ్ పట్టుకునే సియాలిక్ ఆమ్లానికి దగ్గరి చుట్టం. కానీ పట్టు బలహీనం, మందుగా పనికిరాదు. మార్క్ వాన్ ఇట్జ్‌స్టైన్ బృందం గ్రిడ్‌ను ఆ గుంట మీద నడిపింది. అమైన్ గుంపును పెట్టినప్పుడు ఒకచోట గట్టి ఆకర్షణ కనిపించింది. ఆ అణువులో నాలుగో కర్బనం మీద ఆక్సిజన్, హైడ్రోజన్ గుంపు ఒకటి ఉంది. సరిగ్గా దాని పక్కనే, ఎంజైమ్ గొలుసులో 119, 227 స్థానాల్లో, గ్లుటమేట్ అనే అమైనో ఆమ్లాలు రెండు రుణావేశంతో ఉన్నాయి. అక్కడ ధనావేశం పెడితే పట్టు పెరగాలి. ఆక్సిజన్ గుంపు తీసి అమైన్ పెట్టారు, పట్టు పెరిగింది. అమైన్ తీసి ఇంకా పెద్దదైన గ్వానిడీన్ పెట్టారు, అది గుంటలోని ఆ మూలను నిండా నింపేసింది. మొదటి అణువుతో పోలిస్తే పట్టు వేల రెట్లయింది. 1993లో ఈ ఫలితం వచ్చింది. ఆ అణువే జనామివిర్, 1999లో పీల్చే మందుగా అనుమతి పొందింది. మ్యాపు మీది ఒక బొట్టు చూసి అణువులో ఒక్క గుంపు మార్చడం, ఆ మార్పు మందుల షాపు దాకా రావడం. కంప్యూటర్‌తో మందుల రూపకల్పన అన్న మాట వినిపించినప్పుడల్లా నాకు ముందు గుర్తొచ్చే ఉదాహరణ ఇది.

మూడో దారి వంశవృక్షానిది. ఒకే ప్రొటీన్ మనిషిలో, ఎలుకలో, చేపలో, ఈస్ట్‌లో ఉంటే ఆ వరుసలన్నీ పక్కపక్కన పేర్చి చూడవచ్చు. కోట్ల ఏళ్లలో అన్నీ మారిపోయినా కొన్ని అమైనో ఆమ్లాలు మాత్రం కదలవు. అవి ఉపరితలం మీద ఒకచోట గుమిగూడి కనిపిస్తే, అక్కడ మారకూడని పనేదో జరుగుతోందని అర్థం. ఒలివియర్ లిక్టార్జ్ 1996లో ఈ ఆలోచనను పద్ధతిగా మలిచాడు. తర్వాత వచ్చిన లిగ్‌సైట్ కొత్త రూపం, కాన్‌కేవిటీ లాంటివి గుంట లోతునూ, మారని అమైనో ఆమ్లాలనూ కలిపి చూశాయి. రెండూ కలిస్తే జవాబు ఒక్కదానికంటే మెరుగ్గా వచ్చింది.

గుంట దొరికినంత మాత్రాన అణువు అందులో ఎటు తిరిగి కూర్చుంటుందో తెలిసిపోదు. దీనికి తెలుగువారికి బాగా తెలిసిన మనిషి చేతుల మీదుగా వచ్చిన మందే సాక్ష్యం. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనకు నాయకత్వం వహించిన రోజుల్లో ఫోలిక్ ఆమ్లాన్ని అనుకరించే అణువులు తయారయ్యాయి. వాటిలో అమైనోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చి, తాత్కాలికంగానైనా వ్యాధి తగ్గడం 1948లో చూపించాడు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్‌ను క్యాన్సర్‌కూ కీళ్లవాతానికీ ఇప్పటికీ వాడుతున్నారు. అవి పుట్టినప్పుడు ఏ ఎంజైమ్‌ను పట్టుకుంటాయో కూడా తెలియదు. డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అన్న పేరు 1950ల చివర్లో తేలింది. ఆ ఎంజైమ్ గుంటలో మెథోట్రెక్సేట్ కూర్చున్న తీరు 1977లో గానీ కంటపడలేదు.

ఫోలిక్ ఆమ్లానికీ అమైనోప్టెరిన్‌కూ తేడా చాలా స్వల్పం. జంట వలయం మీద ఒక ఆక్సిజన్ ఉండాల్సిన చోట అమైనో గుంపు ఉంది, అంతే. మెథోట్రెక్సేట్‌లో అదనంగా ఇంకో మిథైల్ గుంపు. ఇంత పోలిక ఉన్నప్పుడు రెండూ గుంటలో ఒకే తీరున కూర్చుంటాయని ఎవరైనా అనుకుంటారు. కానీ మెథోట్రెక్సేట్ జంట వలయం ఫోలిక్ ఆమ్లం వలయంతో పోలిస్తే 180 డిగ్రీలు బోర్లా పడి ఉంది. ఆ ఒక్క అమైనో గుంపు వల్ల వలయంలోని నత్రజనికి ప్రోటాన్‌ను పట్టుకునే గుణం పెరిగింది. అందువల్ల బాక్టీరియా ఎంజైమ్‌లో 27వ స్థానంలో ఉన్న ఆస్పార్టేట్‌తో గట్టి బంధం కుదిరింది. ఆ బంధం కోసం వలయం తిరగబడింది. అణువును గుంటలో రకరకాలుగా తిప్పి పెట్టి చూసే డాకింగ్ ప్రోగ్రామ్‌లు 1982లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇర్విన్ కుంజ్ బృందంతో మొదలయ్యాయి. అచ్చం ఇలాంటి తిరగబడ్డ భంగిమలను కూడా వదలకుండా చూడటమే వాటి పని.

ఇంతవరకూ చెప్పిన పద్ధతులన్నీ ప్రొటీన్‌ను కదలని వస్తువుగానే చూశాయి. ప్రొటీన్‌ను స్ఫటికంగా మార్చి తీసిన నిర్మాణం ఒక్క భంగిమనే చూపిస్తుంది. జీవకణంలో ప్రొటీన్ ఊపిరి తీసినట్టు కదులుతూనే ఉంటుంది. ఒసెల్టామివిర్‌నే చూడండి. న్యూరామినిడేజ్ గుంటలో జనామివిర్ కూర్చునే చోటే అదీ కూర్చుంటుంది. కానీ దాని ఒక పక్కన నీరంటే పడని కొవ్వు లాంటి గుంపు ఉంది. దానికి చోటు ఇవ్వడానికి 276వ స్థానంలోని గ్లుటమేట్ పక్కకు తిరగాలి. తిరిగితే అంతకు ముందు లేని చిన్న పల్లం ఏర్పడుతుంది. 2007-08 శీతాకాలంలో వ్యాపించిన ఫ్లూ వైరస్‌లలో 274వ స్థానంలోని హిస్టిడిన్ టైరోసిన్‌గా మారిన రకం కనిపించింది. ఆ టైరోసిన్ లావుపాటిది. అది అడ్డుగా ఉండటంతో గ్లుటమేట్ సరిగ్గా తిరగలేదు, పల్లం ఏర్పడలేదు, ఒసెల్టామివిర్ పట్టు సడలిపోయింది. ఆ తిప్పుడుతో పనిలేని జనామివిర్ మాత్రం ఎప్పటిలా పనిచేసింది. ఒకే గుంట, రెండు మందులు. ఒకటి నిలబడింది, ఒకటి జారింది. ఖాళీ గుంటను ఎంత తీక్షణంగా కొలిచినా ఈ తేడా బయటపడదు.

మందు వచ్చినప్పుడో, ప్రొటీన్ తనంత తాను కదిలినప్పుడో తెరుచుకునే ఇలాంటి చోట్లను దాగుడు గుంటలు అందాం. వాటిని పట్టుకోవాలంటే కదలికనే లెక్కగట్టాలి. ఒక సెకనును వెయ్యి లక్షల కోట్ల ముక్కలు చేస్తే ఒక్కో ముక్క ఫెమ్టోసెకను. ప్రతి రెండు ఫెమ్టోసెకన్లకు ఒకసారి ప్రతి పరమాణువు మీదా పనిచేసే బలాలు లెక్కకట్టి, అన్నిటినీ రవ్వంత జరిపి, మళ్లీ లెక్క కడతారు. సెకనులో పది లక్షలవ వంతు కదలిక చూడాలంటే ఈ పని 50 కోట్ల సార్లు చేయాలి. కొన్ని గుంటలు అంతకు ఎన్నో రెట్ల కాలం ఆగితే గానీ తెరుచుకోవు.

ఇలాంటి భారీ కదలిక లెక్కల కోసం స్టాన్‌ఫర్డ్‌లో విజయ్ పాండే 2000లో ఫోల్డింగ్ ఎట్ హోమ్ అనే ప్రాజెక్టు మొదలుపెట్టాడు. ఇళ్లలో ఊరికే ఉన్న కంప్యూటర్లకు తలా కొంచెం లెక్క పంచిపెట్టడం దాని పద్ధతి. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు లక్షల మంది స్వచ్ఛందంగా చేరడంతో దాని లెక్కల వేగం అప్పటి పెద్ద సూపర్‌కంప్యూటర్లను దాటిపోయింది. దానితో పనిచేసిన గ్రెగ్ బోమన్ బృందం టెమ్-1 బీటా లాక్టమేజ్ మీద చేసిన పని దగ్గరి నుంచి చూడదగినది. పెన్సిలిన్ జాతి మందులను విరిచేసి బాక్టీరియాను కాపాడే ఎంజైమ్ అది. దాని అసలు గుంటకు 16 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరంలో, రెండు సర్పిలాల మధ్య, ఎవరూ ఊహించని ఒక చోటుకు మందు అణువు దూరిందని 2004లో హార్న్, షోయిచెట్ చూపించారు. మందు లేనప్పుడు తీసిన నిర్మాణంలో ఆ చోటు మూసుకునే ఉంది. కంప్యూటర్‌లో ఎంజైమ్‌ను మందు లేకుండానే కదలనిస్తే ఆ గుంట మధ్యమధ్య తెరుచుకుంటోందని బోమన్, గైస్లర్ 2012లో కనిపెట్టారు. అంతేకాదు, మరికొన్ని గుంటలు కూడా.

కంప్యూటర్ మాట నిజమని నమ్మేదెలా? 2015లో ఆ బృందం చేసిన పరీక్ష నాకు చాలా నచ్చింది. గుంట తెరుచుకుంటేనే బయటికి కనిపించే చోట ఒక అమైనో ఆమ్లం తీసేసి సిస్టీన్ పెట్టారు. సిస్టీన్‌లో గంధకం ఉంటుంది. గంధకాన్ని తాకగానే పసుపు రంగు విడిచే ఒక రసాయనం ఉంది. దాన్ని ఎంజైమ్ ద్రావణంలో కలిపి ఎదురుచూశారు. గుంట ఎప్పటికీ మూసుకునే ఉంటే రసాయనం సిస్టీన్‌ను చేరలేదు, రంగు రాదు. కంప్యూటర్ చెప్పిన చోట్ల పసుపు రంగు తేలింది. ఏ వేగంతో రంగు వస్తోందో కొలిచి, గుంట ఎంత తరచుగా తెరుచుకుంటోందో అంచనా కట్టారు.

అందరికీ తెలిసిన దాగుడు గుంట మాత్రం కేరాస్ ప్రొటీన్‌ది. మనుషుల కణితుల్లో దాని పాత్ర 1982 నుంచే తెలుసు. కానీ అది దాదాపు నున్నటి బంతి. ఉన్న ఒక్క మంచి గుంటను కణంలో పుష్కలంగా ఉండే జీటీపీ అణువు వదలని పట్టుతో ఆక్రమించుకుని ఉంటుంది. మందుకు లొంగని ప్రొటీన్ అన్న ముద్ర దానికి ముప్పై ఏళ్లు ఉండిపోయింది. 2013లో కెవాన్ షోకట్ బృందం 12వ స్థానంలో గ్లైసిన్ బదులు సిస్టీన్ ఉన్న కేరాస్‌ను తీసుకుని, ఆ సిస్టీన్‌కు అంటుకోగల వందలాది చిన్న అణువులను పరీక్షించింది. అంటుకున్న వాటితో నిర్మాణం తీస్తే, అంతకు ముందు చిత్రాల్లో సరిగ్గా ఏర్పడి లేని ఒక గుంట విచ్చుకుని ఉంది. దాని ఆధారంగా వచ్చిన సోటోరాసిబ్‌కు 2021 మేలో అమెరికాలో అనుమతి దొరికింది. ఈ గుంటను వెలికితీసింది కంప్యూటర్ కాదు, ప్రయోగశాల. ఆ మాట దాచకూడదు. కంప్యూటర్ పద్ధతులకు ఆ తర్వాత అదే కొలబద్ద అయింది. ముందున్న నిర్మాణాలను మాత్రమే ఇస్తే నీ ప్రోగ్రామ్ ఈ గుంటను ముందుగా పసిగట్టగలదా అన్నది ఇప్పుడు ప్రతి కొత్త పద్ధతికీ ఎదురయ్యే ప్రశ్న.

యంత్రాభ్యాసం అడుగు పెట్టింది ఇక్కడే. 2018లో ప్రాగ్‌లోని చార్లెస్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పీటూర్యాంక్ ఉపరితలం మీద బిందువులు చల్లి, ఒక్కో బిందువు చుట్టూ ఏ పరమాణువులున్నాయో చూసి, తెలిసిన ఉదాహరణల నుంచి నేర్చుకున్న దాన్నిబట్టి మార్కు వేస్తుంది. 2023లో బోమన్ బృందం ఇచ్చిన పాకెట్‌మైనర్, మూసి ఉన్న నిర్మాణాన్ని చూసి ఎక్కడ తెరుచుకునే అవకాశం ఉందో క్షణాల్లో చెబుతుంది. వారాల తరబడి కదలిక లెక్కలు చేసి పోగేసిన అనుభవం మీదే అది తయారైంది.

ఈ పద్ధతులు ఇచ్చే మార్కులను నేను కాస్త ఆచితూచి చదువుతాను. నేర్పడానికి వాడే నిర్మాణాల్లో గుంటలో ఇరుక్కున్న అణువు చాలాసార్లు మందూ కాదు, జీవకణంలోనిదీ కాదు. స్ఫటికం పెంచడానికి పోసిన గ్లిసరాల్ కావచ్చు, సల్ఫేట్ కావచ్చు. ఇక గుంట కాదని నేర్పిన చోట, ఇంకా ఎవరూ పరీక్షించని నిజమైన గుంటే ఉండొచ్చు. కేరాస్ విషయంలో 2013కు ముందు ఎవరు నేర్పినా ఆ చోటును ఖాళీ అనే నేర్పి ఉండేవారు. ఆల్ఫాఫోల్డ్ తొలి నిర్మాణాల్లో నీరు లేదు, లోహ అయాన్లు లేవు, పట్టుకునే అణువూ లేదు. 2024 మేలో వచ్చిన మూడో రూపం ప్రొటీన్‌నూ అణువునూ కలిపే కడుతుంది. అది పెద్ద ముందడుగే, అయితే అది చూపించిన భంగిమను కూడా ఎవరో ఒకరు పరీక్ష నాళికలో తేల్చాల్సిందే.

మందు గుంటను పట్టుకున్నాక కూడా గుంట ఊరుకోదు. కేరాస్ మందు వాడుతున్న రోగుల్లో కొంతకాలానికి కణితి మళ్లీ పెరిగినప్పుడు, 96వ స్థానంలో టైరోసిన్ ఆస్పార్టేట్‌గా మారిన ఉదాహరణ 2021లో కనిపించింది. ఆ టైరోసిన్ దాగుడు గుంట గోడలోనిదే. గోడ మారడంతో మందు పట్టు పోయింది, కేరాస్ పని మాత్రం ఆగలేదు. అందుకే ఇప్పుడు గుంటను వెతికేవాళ్లు దాని లోతూ శక్తీ కదలికా లెక్కగట్టి ఆగడం లేదు. గోడలోని ఒక్కో అమైనో ఆమ్లాన్ని మిగతా పంతొమ్మిదింటితో మార్చి చూస్తున్నారు. ఏ మార్పు మందును మాత్రమే విడిపిస్తుందో, ఏ మార్పు ప్రొటీన్ పనినే చెడగొడుతుందో వేర్వేరుగా లెక్క కడుతున్నారు. ప్రొటీన్ తన పనిని పోగొట్టుకోకుండా మార్చుకోలేని గోడలున్న గుంటల వైపే కొత్త మందుల అణువులను మళ్లించాలని చూస్తున్నారు.